రాజుగారి చేతులు

బర్కత్‌పుర, హైదరాబాదు.
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ ప్రభాకర్,

నీ కార్డు అందింది. ముందువైపు నల్లబట్టల రాజు, వెనకవైపు నీ కోడిగీతలు. "ఈయన ముందు నుంచి కదల్లేకపోయాన్రా. మన నిజాముకు ఇట్లాంటి పటం ఉందా? ఉంటే ఎక్కడుంది?" అని అడిగి, సంతకం గీకి, స్టాంపు అంటించి పంపావు. మాడ్రిడ్‌లో కూతురింటికి పోయినవాడివి మనవడితో ఆడుకుంటావనుకుంటే రాజుల వెంట పడ్డావన్నమాట. ఫోన్లో అయితే "ఉంది, చౌమహల్లాలో ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. కానీ నువ్వు అడిగింది అడ్రసు కాదని నాకు తెలుసు. అందుకే కాగితం తీశాను.

ఇక్కడ అంతా మామూలే. చమన్ దగ్గర చెట్ల కింద అదే ముసలి బృందం, పీఎఫ్ ఆఫీసు ముందు పింఛను కాగితాలు పట్టుకున్న అదే జనం. నారాయణగూడలో మనం సినిమా బ్యానర్లు ఎక్కించిన రోడ్ల మీదుగా ఇప్పుడు మెట్రో పోతోంది. దాని స్తంభాల మీద కూడా ముఖాలే. వాటి సంగతి చివర్లో చెప్తాను.

నీ కార్డును నా పాత ఫోటో టచింగ్ లెన్సు కింద పెట్టాను. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్, వేసినవాడు వెలాస్కెజ్. 1623లో సెవిల్ నుంచి వచ్చి దర్బారులో చేరేనాటికి పెయింటరుకు 24 ఏళ్ళు, రాజుకు 18. ఆ ఏడాది మొదలు 1660లో పోయేదాకా వెలాస్కెజ్ ఆ ఇంట్లోనే. ఒక్క ముఖాన్ని కుర్రతనం నుంచి కళ్ళ కింద సంచులు వేలాడే వయసు దాకా మళ్ళీ మళ్ళీ వేశాడు. మన దగ్గర ఏ స్టారుకూ ఒకే బ్యానర్ ఆర్టిస్టు అన్నాళ్ళు దొరకలేదు కదా.

ముఖం సంగతి నువ్వే చూశావు. పొడుగు దవడ, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, బరువైన కింది పెదవి. మన స్టూడియోకి ఆ ముఖం వచ్చి ఉంటే నెగటివ్ మీద పెన్సిల్ పెట్టి దవడ సగం తగ్గించి పంపేవాళ్ళం, కస్టమరు కూడా సంతోషంగా డబ్బులిచ్చేవాడు. వెలాస్కెజ్ తగ్గించలేదు. ఆ దవడ హాబ్స్‌బర్గ్ వంశపు ఆస్తి. మేనరికాల మీద మేనరికాలు చేసుకుని తరాల పాటు పెంచుకున్నారు. ఈ ఫిలిప్పే సొంత చెల్లెలి కూతుర్ని చేసుకున్నాడు. వాళ్ళ బిడ్డ మార్గరీటాను మళ్ళీ దాని మేనమామకే, వియన్నాలో ఉన్న లియోపోల్డ్‌కు ఇచ్చారు. పిల్ల ఎట్లా పెరుగుతోందో అత్తవారికి తెలియాలని వెలాస్కెజ్ చేత బొమ్మలు వేయించి పంపారు: గులాబి గౌను, తెల్ల గౌను, నీలి గౌను. అచ్చం మన పెళ్ళిచూపుల ఫోటోలు. మూడూ ఇప్పటికీ వియన్నా మ్యూజియంలోనే ఉన్నాయి. ఆ పిల్ల మాత్రం 1666లో పెళ్ళయి, 21 ఏళ్ళకే 1673లో చచ్చిపోయింది. బొమ్మల్లో ఆ గౌను ఎంత పెద్దదో, ఆ వేళ్ళు ఎంత చిన్నవో ఒకసారి చూడు.

వేళ్ళ దగ్గరికే వస్తున్నాను. మన మేస్త్రీ ఏమనేవాడో గుర్తుందా? "ముఖం ఎవడైనా దించుతాడు, చెయ్యి వేసి చూపించు" అనేవాడు. గళ్ళు కొట్టి ముఖం తాను వేసుకుని, బట్టలూ అక్షరాలూ మనకు వదిలి, చేతుల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తానే నిచ్చెన ఎక్కేవాడు. అప్పుడు అది పొగరనుకునేవాళ్ళం. నీ కార్డు చూశాక ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. రాజు కుడి చేతిలో మడిచిన కాగితం. ఎడమ చెయ్యి కత్తి పిడి మీద. కిరీటం లేదు, సింహాసనం లేదు, నగల ఆర్భాటం లేదు. వెనక గోడ కూడా గోడలా లేదు, ఉత్త బూడిద రంగు. అంత పెద్ద రాజ్యం ఏలినవాడని ఎట్లా తెలుస్తుంది? కాగితం వల్ల తెలుస్తుంది. ఎవరో అర్జీ పెట్టుకున్నారు, ఆయన అందుకున్నాడు. ఇస్తాడో ఇవ్వడో ముఖంలో కనిపించదు, కనిపించకూడదు. రెండో చెయ్యి ఎందుకక్కడుందో చెప్పనక్కర్లేదు.

లండన్‌లో ఇంకో ఫిలిప్ పటం ఉంది, గోధుమ రంగు బట్టల మీద వెండి జరీతో. అందులోనూ చేతిలో కాగితమే. కాకపోతే ఆ కాగితం మీద అక్షరాలున్నాయి. "ప్రభువుకు, తమ పెయింటరు దియేగో వెలాస్కెజ్" అన్న అర్థం వచ్చే మాటలు. బ్యానర్ మూలన మనం "ఫలానా ఆర్ట్స్" అని చిన్నగా రాసుకునేవాళ్ళం, ప్రొడ్యూసరు చూస్తే తిడతాడేమో అన్న భయంతో. ఆయన తన సంతకాన్ని అర్జీ చేసి రాజు గుప్పిట్లోనే పెట్టాడు! అదీ పెయింటరు గుండె అంటే. పైగా ఆ వెండి జరీ దగ్గరకు పోతే ఉత్త తెల్ల మచ్చలట, నాలుగడుగులు వెనక్కి వేస్తేనే జరీ అవుతుందట. ఈ కిటుకు మనకు ఎవరూ పుస్తకం పెట్టి చెప్పలేదు. రోడ్డు మీద బస్సులో పోయేవాడికి కనబడాలంటే కంటి చివర ఎంత తెలుపు పెట్టాలో నిచ్చెన దిగి, రోడ్డు దాటి చూసి తెలుసుకున్నాం. రెండింటి వెనకా ఉన్న లెక్క ఒక్కటే: చూసేవాడు ఎంత దూరంలో నిలబడతాడు?

ఇంకో సంగతి. నీ కార్డు మీది పటం ఆయన ఒకసారి వేసి, కొన్నేళ్ళకు దాని మీదే మళ్ళీ దిద్దాడు. మొదట కాళ్ళు ఎడంగా వేశాడట, తర్వాత దగ్గరికి జరిపాడు. కాళ్ళ చుట్టూ, అంగీ అంచున పాత గీతల నీడలు కంటికి కూడా ఆనతాయంటారు. నువ్వు అంతసేపు నిలబడ్డావు కదా, కనబడ్డాయా?

ఇక మన నిజాం. ఇక్కడే తమాషా ఉంది. స్పెయిన్‌లో రాజు ముఖం గోడ మీదా ఉంది, నాణెం మీదా ఉంది. మన హాలీ సిక్కా గుర్తు తెచ్చుకో. మా నాయనమ్మ పాత ట్రంకులో ఉండేది, నువ్వూ చూశావు. దాని మీద ముఖం ఉందా? చార్మినార్ ఉంది. చార్మినార్ దర్వాజాలో ఒక్క అక్షరం. మహబూబ్ అలీఖాన్ కాలంలో "మీమ్", ఉస్మాన్ అలీఖాన్ కాలంలో "ఐన్". బయట బ్రిటిషు ఇండియా రూపాయి మీద ఐదో జార్జి తలకాయ తిరుగుతుంటే, ఇక్కడ రాజు ఒక గుమ్మంలో ఒక అక్షరమై నిలబడ్డాడు. పోస్టు స్టాంపుల్లోనూ అంతే. 1937లో ఉస్మాన్ అలీఖాన్ సిల్వర్ జూబ్లీకి నాలుగు స్టాంపులు వేశారు. యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, ఉస్మానియా యూనివర్సిటీ, జూబ్లీ హాలు. సొంత పండక్కి కూడా ముఖం లేదు. అదే నెల, ఫిబ్రవరి 22న, అమెరికాలో టైమ్ పత్రిక ఆయన ముఖాన్ని అట్ట మీద వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ముఖం దేశం దాటి పోయింది, ఊళ్ళో మాత్రం భవనాలే తిరిగాయి. నాకు ఇది చాలా నచ్చుతుంది. దవాఖానా బొమ్మ అంటించిన ఉత్తరం అందుకున్నవాడికి రాజు ఎవరో తెలియడానికి ముక్కూ మూతీ ఏం కావాలి?

కానీ పటాలు లేవని కాదు. నిజాములకు పటాలు గీసే ఆనవాయితీ పాతదే. రెండో నిజాం, నిజాం అలీఖాన్ కాలంలో, అంటే 1803కు ముందు, దర్బారులో తజల్లీ అలీ షా అనే చిత్రకారుడుండేవాడు, కవీ చరిత్రకారుడూ కూడా. ఆయనతో పాటు రాయ్ వెంకటాచలం అని ఇంకొకాయన. పేరు చూడు, మన వాడలో ఎవరి పేరో అన్నట్టుంది. ఆ దక్కను బొమ్మల్లో రాజు మన వైపు చూడడు. పక్కకు తిరిగి ఉంటాడు, తల చుట్టూ వెలుగు చక్రం. చేతులు చూడు మళ్ళీ: తరచూ ఒక చేతిలో పువ్వు ఉంటుంది. కత్తి నడుముకు ఉంటుంది గానీ వేళ్ళు మాత్రం గులాబీ కాడను పట్టుకుని ఉంటాయి. ఫిలిప్ చేతిలో కాగితం ఉన్న చోట వీళ్ళ చేతిలో పువ్వు. అంతకు ముందు గోల్కొండ పెయింటర్లు ఇట్లాంటి రాజుల బొమ్మలు వరసగా గీసి ఆల్బములు కట్టారు. 1680ల నాటి ఒక ఆల్బం డచ్చివాళ్ళ చేతికి చేరి ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. అల్లుడు అటువైపు తీసుకుపోతానంటే వద్దనకు.

తర్వాత ఇంగ్లీషువాడు వచ్చాడు, వాడితో నూనె రంగులూ కెమెరా కూడా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర రాజా దీన్‌దయాళ్ ఫోటోగ్రాఫరు. 1894లో ముసవ్విర్ జంగ్ అని బిరుదు కూడా ఇచ్చారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి వేటలూ విందులూ పరేడ్లూ అన్నీ గాజు ప్లేట్ల మీదికి దించాడు. నా లెక్కలో హైదరాబాదు వెలాస్కెజ్ ఆయనే, చేతిలో కుంచె లేదంతే. అందుకే నీ ప్రశ్నకు నా జవాబు కాస్త వంకరగా వస్తుంది. నిజాము పటాలున్నాయి. చౌమహల్లాలో, సాలార్‌జంగ్ మ్యూజియంలో నిలువెత్తువి చూశాను. బంగారు ఫ్రేము, తలపాగా మీద కలికితురాయి, ఛాతీ నిండా పతకాలు, వెనక పరదా, పక్కన కుర్చీ. కానీ వాటి ముందు నిలబడితే నాకు టచింగ్ వాడి కన్ను తెరుచుకుంటుంది. చాలావాటిలో ముఖం ఫోటో నుంచి దించినదే అనిపిస్తుంది. వెలుగు ఒక వైపు నుంచే పడుతుంది, కళ్ళు లెన్సు వైపు చూస్తున్నట్టుంటాయి. చేతులు మాత్రం పెయింటరు సొంతం. కత్తి మీద పెట్టిన చెయ్యి కత్తిని పట్టుకోదు, దాని మీద ఊరికే ఆని ఉంటుంది. రాజు ఎదుట పెయింటరును గంటల తరబడి కూర్చోబెట్టలేదని చెప్పేది ఆ చెయ్యే. ఫోటోకి పట్టేది ఒక్క క్షణం, మిగతాదంతా వెనక గదిలో పని. నువ్వు వెలాస్కెజ్ ముందు నుంచి కదల్లేకపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటాను. ఆయన రాజుతో ఒకే గదిలో ముసలివాడయ్యాడు.

పైగా ఈ పటాలు ఎవరి కోసం? మనకోసం అయితే కాదు. వైస్రాయి వచ్చినప్పుడు, రెసిడెంటు విందుకు వచ్చినప్పుడు చూడ్డానికి. ఆ పతకాల్లో సగం వాళ్ళు ఇచ్చినవే. 1918లో "ఎగ్జాల్టెడ్ హైనెస్" బిరుదు వాళ్ళే ఇచ్చారు. ఇచ్చినవాడు వచ్చినప్పుడు పెట్టుకుని కనబడాలి కదా. బజార్లో ఉన్నవాడికి మాత్రం ఇంకో ఉస్మాన్ అలీఖాన్ తెలుసు. ఆయన ఉండిన కింగ్‌కోఠీ మన ఇంటికి ఎంత దూరం? మా నాన్న సైకిలు మీద అటుగా పోతూ చాలాసార్లు చూశాడట. "పాత కారు, ముడతల షేర్వానీ, చేతికర్ర మీద రెండు చేతులు" అని చెప్పేవాడు, అంతకు మించి ఒక్క మాట చెప్పేవాడు కాదు. పెయింటర్లెవరూ వెయ్యని పటం అది. నాకు రంగులూ ఓపికా ఉంటే అదే వేస్తాను: చేతికర్ర, దాని మీద పదివేళ్ళు. 1967 ఫిబ్రవరి 24న ఆయన పోయారు. మరునాడు జనం ఎట్లా విరగబడ్డారో నీకు చెప్పాలా, మనిద్దరం ఆ గుంపులో ఉన్నాం. ఆ కోఠీ ఎదురుగా జూదీ మసీదులోనే తల్లి సమాధి పక్కన పెట్టారు.

నగల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రాజుల పటాలు చివరికి అక్కరకొచ్చేది అక్కడే. నిజాం నగలు 173 వస్తువుల్ని కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది. వాటిలో జాకబ్ వజ్రం ఒకటి, దాదాపు 185 కారట్లు. తండ్రి బూటు ముందుభాగంలో దొరికిందనీ, ఉస్మాన్ అలీఖాన్ దాన్ని కాగితాల మీద బరువుకు పెట్టుకునేవాడనీ చెప్తారు. సాలార్‌జంగ్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు తప్ప మనకు కంటబడలేదు. వేసుకుంటే ఎట్లా ఉండేవో తెలియాలంటే పటాలూ ఫోటోలే దిక్కు. మీ వైపు కూడా ఇదే కథ. లా పెరెగ్రినా అని స్పెయిన్ రాణుల ముత్యం. ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్ గుర్రపు పటాల హాల్లో ఫిలిప్ తల్లి మార్గరెట్ రాణి గుర్రం మీద ఉంటుంది చూడు, ఆమె గుండె మీద వేలాడుతుంది. చేతులు మారి మారి 1969లో రిచర్డ్ బర్టన్ దాన్ని 37,000 డాలర్లకు కొని ఎలిజబెత్ టేలర్‌కు ఇచ్చాడు. ముత్యం సినిమావాళ్ళ ఇంటికి పోయినా రసీదు ప్రాడో గోడ మీదే ఉండిపోయింది.

మా తాత తహసీలు కచేరీలో గుమాస్తా అని నీకు తెలుసు. ఆయన హాల్లో ఒకే ఒక ఫ్రేము ఉండేది, అందులో ఆలా హజ్రత్, అంటే నిజాం ఫోటో. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య అయిపోగానే ఆ ఫోటో బయటికి వచ్చింది, అదే ఫ్రేములోకి గాంధీగారు పోయారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1950 జనవరి 26 నుంచి నిజాం రాజప్రముఖ్ అన్నారు. కచేరీలో మళ్ళీ ఆయన పేరే. మా తాతకు పరేషాను. గాంధీని తియ్యడానికి ధైర్యం లేదు, నిజామును పెట్టకపోవడానికీ ధైర్యం లేదు. చివరికి గాంధీ వెనకాల అట్టకూ బొమ్మకూ మధ్య నిజామును దాచాడు. "ఎవరైనా అడిగితే తిప్పితే సరి" అన్నాడట. 1956లో రాష్ట్రం మారి రాజప్రముఖ్ పదవి పోయాక కూడా తియ్యలేదు. నేను టచింగ్ నేర్చుకునే రోజుల్లో చెదలు పట్టిందని విప్పితే రెండు ముఖాలూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

ఎందుకు చెప్తున్నానంటే, ఇదే పని మాడ్రిడ్ మునిసిపాలిటీ వాళ్ళు గోయా చేత చేయించారు. 1810లో ఊరు నెపోలియన్ అన్న జోసెఫ్ చేతిలో ఉంది. ఆయన పటం కావాలన్నారు. ఆయనేమో ఊళ్ళో లేడు. గోయా ఒక అచ్చుబొమ్మ చూసి వేశాడు. పాస్‌పోర్టు ఫోటో తెచ్చి "పెద్దది చెయ్యండి" అనేవాళ్ళతో మనం పడ్డ పాట్లే ఆయనవీ. ఊరిని ఒక ఆడమనిషిగా వేసి, ఆమె చెయ్యి చాపి ఒక గుండ్రటి పలకను చూపిస్తున్నట్టు, ఆ పలకలో జోసెఫ్ ముఖం ఉన్నట్టు కట్టాడు. 1812లో జోసెఫ్ పారిపోయాడు. ముఖం చెరిపి "రాజ్యాంగం" అన్న మాట రాశారు. ఫ్రెంచివాళ్ళు తిరిగొచ్చారు, మళ్ళీ ముఖం. వాళ్ళు పోయారు, మళ్ళీ "రాజ్యాంగం". ఏడో ఫెర్డినాండు వచ్చాడు, అతని ముఖం. చివరికి 1872లో అన్నీ తీసేసి, ఫ్రెంచివాళ్ళ మీద జనం తిరగబడిన రోజు, "మే రెండు" అని రాసి ఊరుకున్నారు. ఇప్పుడు మాడ్రిడ్ చరిత్ర మ్యూజియంలో ఉంది. నాకు కావలసింది పలక కాదు, ఆ ఆడమనిషి చెయ్యి. ఇన్నిసార్లు లోపలి సరుకు మారినా చూపించే వేలు మాత్రం మారలేదు. మా తాత ఫ్రేముకు అటువంటి వేలు లేదు, మేకు ఉండేది.

తెలుగు రాజు పటం ఏదని నువ్వు అడగలేదు, కానీ నాకు అడగబుద్ధవుతోంది. కృష్ణదేవరాయలు ఎట్లా ఉండేవాడు? మనల్ని అడిగితే ఎన్టీ రామారావులా ఉండేవాడంటాం. 1956లో తెనాలి రామకృష్ణ, 1962లో మహామంత్రి తిమ్మరుసు, అంతటితో ఖాయమైపోయింది. ఆ సినిమాలు మళ్ళీ వేసినప్పుడు ఆ కిరీటాన్ని మనం కూడా గళ్ళు కొట్టి దించాం. కానీ ఆయన్ని కళ్ళారా చూసిన పోర్చుగీసువాడు ఒకడున్నాడు, డొమింగో పేస్, 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చినవాడు. వాడు రాసిన ప్రకారం రాయలు మధ్యస్థం ఎత్తు, తెల్లటి ఒళ్ళు, సన్నం కంటే లావు వైపు, ముఖం మీద మశూచి మచ్చలు. ఆ మచ్చలు వేసిన తెలుగు పెయింటరును నేను చూడలేదు. అక్కడ వెలాస్కెజ్ దవడ ఉంచాడు, ఇక్కడ మనం మచ్చలు కడిగేశాం. టచింగ్ మన రక్తంలోనే ఉంది.

అయితే రాయలు బతికి ఉండగానే చేయించిన రూపం ఒకటి తిరుమలలో ఉంది, మనం క్యూలో తోసుకుంటూ దాటిపోయేది. గుడి లోపలికి పోగానే మండపంలో రాగి విగ్రహాలు, రాయలు మధ్యలో, తిరుమలదేవి, చిన్నాదేవి చెరోవైపు. చేతులు చూడు: ముగ్గురివీ జోడించి ఉన్నాయి. కాగితం లేదు, పువ్వు లేదు, కత్తి మీద చెయ్యి లేదు. అప్పటికి దక్షిణాదిలో అంతటి రాజు ఇంకొకడు లేడు. ఏ రాయబారి కోసమో, ఏ అత్తవారి కోసమో చేయించినది కాదు. ఎదురుగా ఉన్నది వెంకటేశ్వరుడు, ఆయన చూస్తే చాలు. యాత్రికులు చూడటం కూడలిలో బొమ్మను దారిన పోతూ చూసినట్టే. కానీ ఈసారి పోయినప్పుడు ఒక్క క్షణం ఆగు, తోసినా ఆగు.

ఇప్పుడు మెట్రో స్తంభాల సంగతి. ఫ్లెక్స్ వచ్చి మన పొట్ట కొట్టింది, ఏడ్చి వదిలేశాం. ఇప్పుడు దాని మీద ఎవరుంటారు? పుట్టినరోజు నాయకులు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడుస్తూ లెక్కపెట్టకుండా చూశాను. అంతా చేతులు జోడించినవాళ్ళే. తిరుమలలో రాయలు ఎట్లా నిలబడ్డాడో అట్లాగే. తేడా ఏమిటంటే రాయల ఎదుట దేవుడున్నాడు, వీళ్ళ ఎదుట నేనూ, పీఎఫ్ ఆఫీసు క్యూ, పాల ప్యాకెట్ పట్టుకున్న పక్కింటావిడ ఉన్నాం. ఓటు మన దగ్గర ఉందిగా, అందుకు. ఆ నమస్కారం దొంగదని నువ్వంటావు, నాకు తెలుసు నీ సంగతి. కావచ్చు. కానీ ఫిలిప్ ఎవరికీ చేతులు జోడించలేదు. నన్నడిగితే కాగితం పట్టుకున్న చెయ్యి కంటే దొంగ నమస్కారమే మేలు. పనితనం మాత్రం దరిద్రం. చెయ్యి ఒక ఫోటోది, తల ఇంకో ఫోటోది. నిన్న ఒకాయనకు ఆరు వేళ్ళున్నాయి. మేస్త్రీ బతికుంటే నిచ్చెన వేసుకుని వచ్చేవాడు.

ఇక నీకు ఒక పని అప్పజెప్తాను. అక్కడ అంతోనియో లోపెస్ అని ఒక పెయింటరు ఉన్నాడు. రాజు హువాన్ కార్లోస్ కుటుంబాన్ని నిలువెత్తున వెయ్యమంటే 1994లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు వేశాడు. 2014 డిసెంబరులో ఆవిష్కరించారు. అప్పటికి ఆ రాజు గద్దె దిగి ఆరు నెలలు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, కొడుకు రాజయ్యాడు, పటంలో మాత్రం అందరూ 1994లోనే ఉన్నారు. మన ప్రొడ్యూసర్లు వారం ఆలస్యమైతేనే అడ్వాన్సు వెనక్కిమ్మనేవాళ్ళు! అది ఇప్పుడు ఎక్కడ వేలాడదీశారో అమ్మాయి చేత కనుక్కో, పోయి చూడు. ముఖాల గురించి నాకేమీ రాయకు. ఐదుగురి చేతులూ ఎక్కడెక్కడున్నాయో, ఎవరి చెయ్యి ఎవరి మీద ఉందో, ఎవరి చెయ్యి ఖాళీగా ఉందో వరసగా రాయి. పెన్సిలుతో స్కెచ్ వేసి పంపితే ఇంకా మంచిది. చెయ్యి వణుకుతోందని సాకు చెప్పకు, నాది కూడా వణుకుతూనే ఉంది.

గోయా పలక దగ్గర కూడా ఆగు. ఏటవాలు వెలుతురులో చూస్తే కింది పొరల గీతలు ఏమైనా తేలతాయేమో చూడు, గార్డు దగ్గరికి పోనిస్తేనే సుమా.

అమ్మాయికి ఆశీస్సులు. మనవడికి తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నావా, లేక నీ కోడిగీతలు చూసి వాడు భయపడుతున్నాడా? సంక్రాంతికి వస్తానన్నావు, టికెట్ ఖాయమైతే ముందే చెప్పు. వచ్చేటప్పుడు ఆ లండన్ పటం కార్డు దొరికితే తెచ్చిపెట్టు, అర్జీ మీది అక్షరాలు లెన్సు కింద చదవాలి.

నీ
యాదగిరి